బిల్లులో లేని పద్దు

మా అక్క కూతురు రెండో కాన్పుకి కూడా పుట్టింటికే వచ్చింది. వచ్చిన మర్నాడే నాకు ఫోన్ చేసి, "పిన్నీ, ఈసారి కంగారుగా ఎక్కడో చేరను. తెనాల్లో ఎంతవుతుందో, బాపట్లలో ఎంతో, రేపల్లెలో ఎంతో ముందే కనుక్కుందాం. నువ్వు ఖాళీయే కదా" అంది. మొదటిది 2021లో ఆపరేషను. ఆ బిల్లు తీర్చడానికి మా బావగారు పడిన అవస్థ ఆ పిల్ల మర్చిపోలేదు.

నిజమే, రిటైరయ్యాక ఖాళీయే. పాతికేళ్ళు డిగ్రీ కాలేజీలో తెలుగు చెప్పాను, కవిత్వం మీదా కథల మీదా వ్యాసాలు రాశాను. రేటు కనుక్కోవడానికి సాహిత్య విమర్శకురాలెందుకు అనుకున్నాను గానీ, తిరగడం మొదలుపెట్టాక తెలిసింది, ఆసుపత్రి బిల్లు కూడా ఒక రచనే అని. దాన్నీ ఎవరో రాస్తారు, ఎవరో చదువుతారు. ఏది రాయాలో ఏది వదిలెయ్యాలో ముందే ఒక నిర్ణయం జరిగిపోయి ఉంటుంది. కథలో ఏది చెప్పలేదో పట్టుకోమని పిల్లలకి పాఠం చెప్పిన నేను, నా సొంత బిల్లుని ముప్ఫై ఏళ్ళు చదవలేదు.

ఆ బిల్లు నాన్న పోయాక బీరువాలో దొరికింది. 1994, తెనాల్లో ఒక నర్సింగ్ హోమ్‌ది. పేరెందుకులెండి, ఇప్పుడు అది లేదు కూడా. ఆపరేషన్ 3,000. మత్తు డాక్టరు 600. థియేటరు 500. గది రోజుకి 100 చొప్పున 8 రోజులకి 800. మందులు 1,750. సహాయకులకి 200. మొత్తం 6,850. ముందువైపు అంతే.

కాగితం వెనక నాన్న చేతిరాత. ధాన్యం కొట్లో తెచ్చిన అప్పు 5,000, వడ్డీ రెండు రూపాయలు. అంటే నెలకి నూటికి రెండు, ఏడాదికి ఇరవై నాలుగు. దాని కింద కారుకి, హార్లిక్సుకి, పళ్ళకి. ఆఖరున ఒక పద్దు: "ఆయాలకు (ఆడపిల్ల) 150". ఆ బ్రాకెట్టు దగ్గర చాలాసేపు ఆగిపోయాను. నాన్న చెడ్డవాడు కాదు. ఆడపిల్ల పుట్టిందని మొహం ముడుచుకోనూ లేదు. మగపిల్లాడైతే ఆయాలు ఎంత అడుగుతారో, ఆడపిల్లైతే ఎంతతో ఊరుకుంటారో ఆసుపత్రిలో అందరికీ తెలుసు, ఆయనా ఆ లెక్క నిజాయితీగా రాసుకున్నాడు. నా కూతురి మొదటి ధర ఆ బ్రాకెట్లో ఉంది.

మా వైపు మొదటి పురుడు పుట్టింటివాళ్ళు పొయ్యాలి. ఇది ఎంత మామూలు విషయమంటే దీని మీద ఎవరూ మాట్లాడరు. కట్నం మీద మాట్లాడాం, చట్టం తెచ్చుకున్నాం, కథలు రాశాం. పెళ్ళయ్యాక సీమంతానికీ పురుటికీ సారెకీ పుట్టింటి నుంచి వెళ్ళే డబ్బుని మాత్రం మురిపెం కింద జమ చేసేశాం. కాన్పు మంత్రసాని చేతిలో ఉన్నన్నాళ్ళూ ఆ మురిపెం ఒక చీరతో, నాలుగు కుంచాల ధాన్యంతో తీరిపోయేది. కాన్పు ఆసుపత్రికి మారాక, అందులోనూ థియేటర్లోకి మారాక, ఆనవాయితీ అలాగే ఉంది, అంకె మారింది. అంటే కట్నంలో మిగిలిపోయిన వాయిదా ఒకటి సిజేరియన్ రూపంలో కడుతున్నారు ఆడపిల్లల తండ్రులు. అక్క కూతురి ఆపరేషనుకి 52,000, పుట్టిన బిడ్డకి కామెర్లని నాలుగు రోజులు బాక్సులో పెట్టినందుకు వేరే ఆసుపత్రిలో 18,000 అయ్యాయి. రెండూ కట్టింది మా బావగారే. సంతకం పెట్టింది మాత్రం అల్లుడు. "మంచి ఘడియ పొద్దున్న పదింటి లోపే ఉందట, ఎలాగూ ఆపరేషనే అంటున్నారు కదా" అని ఫోన్లో చెప్పింది వియ్యపురాలు. నిర్ణయం ఒకరిది, డబ్బు ఒకరిది, కోత మరొకరిది. ముగ్గురూ ఒకే మనిషైతే ఆ నిర్ణయం అంత తేలిగ్గా జరిగేదా అని నా అనుమానం.

ఇక్కడ ముందుగా ఒక మాట చెప్పుకోవాలి. సిజేరియన్ అంటే నాకు కోపం లేదు. మా మేనత్త లంక గ్రామంలో అడ్డం తిరిగిన బిడ్డతో రెండు రోజులు నొప్పులు పడి, రేపల్లె స్టేషన్‌కి తీసుకొచ్చాక తెనాలి బండి రాకముందే పోయింది. 1961లో. ఆమెని నేను చూడలేదు. ఫోటో కూడా లేదు. ఆ రోజున అందుబాటులో కత్తి పట్టే చెయ్యి ఒకటి ఉంటే ఆమె బతికేది. కాబట్టి "మా కాలంలో అన్నీ నార్మలే" అని మురిసిపోయే పెద్దవాళ్ళతో నేను గొంతు కలపలేను. బతికినవాళ్ళు మాత్రమే చెప్పగలిగే మాట అది.

సరే, మూడు ఊళ్ళూ తిరిగాను. రేపల్లె నుంచి భట్టిప్రోలు, వేమూరు మీదుగా తెనాలికి రైలు. తెనాలి నుంచి నిడుబ్రోలు మీదుగా బాపట్లకి మెయిన్ లైను. 2022 ఏప్రిల్లో జిల్లాలు చీల్చినప్పుడు రేపల్లె బాపట్ల జిల్లాలోకి పోయింది, తెనాలి గుంటూరు జిల్లాలో ఉండిపోయింది. నొప్పులొచ్చినవాళ్ళు జిల్లా చూసి బండెక్కరు. రేపల్లె వైపు వాళ్ళు కేసు కష్టమంటే తెనాలికీ, అక్కడా కాదంటే గుంటూరుకీ ఇప్పటికీ పరిగెడుతూనే ఉన్నారు.

ప్రైవేటులో అన్నిచోట్లా ఒకటే మాట, "ప్యాకేజీ". నాకు చెప్పిన అంకెలు 45,000 దగ్గర మొదలై లక్ష దాకా పోయాయి. ఊరిని బట్టి కాదు తేడా, గదిని బట్టి. ఏసీ గదిలో కోసినా జనరల్ వార్డులో కోసినా కోత ఒకటే కదా అని అడిగితే రిసెప్షన్‌లో అమ్మాయి నవ్వింది. ప్యాకేజీలో ఏవి ఉండవో అడిగాను. బిడ్డని చూసే పిల్లల డాక్టరు ఫీజు ఒకచోట ఉంది, ఇంకోచోట లేదు. రక్తం ఎక్కించాల్సొస్తే లేదు. బాక్సు ఎక్కడా లేదు. తొమ్మిది నెలల స్కానింగులు, పరీక్షలు అసలు లెక్కలోకే రావు. డిశ్చార్జి తర్వాత కుట్టు చీము పడితే అదింకో బిల్లు. ప్యాకేజీ అనేది మంచి శిల్పం తెలిసిన కథలాంటిది, ఎక్కడ మొదలు పెట్టి ఎక్కడ ఆపాలో దానికి బాగా తెలుసు.

మామూలు కాన్పుకి ఎంత అని కూడా అడిగాను. చాలాచోట్ల సగానికి తక్కువ చెప్పారు. "కానీ నార్మల్ అని మేం మాట ఇవ్వలేం మేడమ్" అన్నారు వెంటనే. ఆ జవాబులో దాపరికం ఏమీ లేదు. ఒక్క డాక్టరమ్మ ఉన్న నర్సింగ్ హోమ్‌ని తీసుకోండి. మొదటి కాన్పుకి నొప్పులు పన్నెండు గంటలు, పద్దెనిమిది గంటలు సాగొచ్చు. అంతసేపూ అరగంటకోసారి, చివర్లో ఇంకా తరచుగా బిడ్డ గుండె వినాలి. తల్లి నాడి చూడాలి, నడిపించాలి, నీళ్ళు తాగించాలి, ధైర్యం చెప్పాలి. ఏ క్షణాన తేడా వచ్చినా థియేటరు సిద్ధంగా ఉండాలి. మత్తు డాక్టరు ఊళ్ళో ఉండాలి. చిన్న ఊళ్ళలో మత్తు డాక్టరు ఒక్కోసారి నాలుగైదు ఆసుపత్రులకి ఒక్కరే. ఈ పిలుపుకి పొన్నూరులోనో, ఆ పిలుపుకి చీరాలలోనో ఉంటారు. ఆయన అర్ధరాత్రి రాకపోతే ప్రాణం పోతుంది, ప్రాణం పోతే ఆసుపత్రి అద్దాలు పగుల్తాయి. అదే పొద్దున తొమ్మిదింటికి అనుకుంటే మత్తు డాక్టరు వస్తారు, పిల్లల డాక్టరు వస్తారు, ముప్పావుగంటలో అయిపోతుంది. బిల్లులో కోతకి ధర ఉంది, దారానికి ధర ఉంది, సూదికి ధర ఉంది, గదికి ధర ఉంది. కనిపెట్టుకుని కూర్చోవడానికి మాత్రం ధర లేదు. పద్దు లేని పని ఎవరు చేస్తారు?

ఇదివరకు ఆ పని చేసిన మనిషి ఒకరుండేది. మా ఊళ్ళో మంగలి కులపు ముసలావిడ, నా మొదటి పిలుపుకి "ఏం బుల్లెమ్మా" అని పలికేది. మా అమ్మకి ముగ్గురు పిల్లల్నీ ఆమే పోసింది. ఆమె చేసిందల్లా చాలావరకు ఎదురు చూడడమే. రాత్రంతా కూర్చోవడం, నడుం రాయడం, పొట్ట తడిమి చూడడం, ఇది నా చేతిలో లేదని తెలిస్తే బండి కట్టమని చెప్పడం. మేనత్త విషయంలో ఆ మాట ఆలస్యంగా చెప్పారట, ఏ మంత్రసాని అన్నది నాకు తెలీదు. ఆమె నైపుణ్యాన్ని ఆకాశానికెత్తే ఉద్దేశం నాకు లేదు. కానీ ఆమె శ్రమని భాష ఏం చేసిందో చూడండి. మంత్రసాని పనికి ఒప్పుకున్నాక ఏదొచ్చినా పట్టాలని ఎగతాళి సామెత చేసి పెట్టింది. నీచమైన పనికి మారుపేరు అది. కింది కులపు ఆడమనిషి రాత్రంతా మేలుకుంటే అది సామెత, పైచదువు చదివిన మనిషి ముప్పావుగంట కోస్తే అది ప్యాకేజీ. 1980ల తర్వాత మంత్రసానిని పక్కకి నెట్టేశాం, నెట్టడానికి కారణాలూ ఉన్నాయి. ఆ ఖాళీలో మరో మనిషిని కూర్చోబెట్టలేదు.

లెక్కలు కొన్ని చెప్పక తప్పదు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడత 2019-21లో జరిగింది. దాని ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 42.4 కాన్పులు సిజేరియన్లు. ప్రైవేటులో 63, ప్రభుత్వాసుపత్రుల్లో 26.6. తెలంగాణలో 60.7, అక్కడ ప్రైవేటులో 81.5. దేశం మొత్తానికి 21.5. 1985లో ప్రపంచ ఆరోగ్య సంస్థ సమావేశం బ్రెజిల్‌లోని ఫోర్తలేజాలో జరిగినప్పుడు, ఏ ప్రాంతంలోనైనా 10 నుంచి 15 శాతం దాటడానికి సమర్థన లేదన్నారు. ఆ బ్రెజిల్‌లోనే ఇవాళ సగానికి పైగా కాన్పులు ఆపరేషన్లే, మనకి తోడు. 2015లో అదే సంస్థ మళ్ళీ చూసి, జనాభా స్థాయిలో 10 శాతం దాటాక తల్లీబిడ్డల మరణాలు అంతకన్నా తగ్గడం కనపడలేదంది. అలాగని ప్రతి ఆసుపత్రీ ఫలానా అంకె దగ్గర ఆగిపోవాలని కాదు, అవసరమైన ప్రతి స్త్రీకీ ఆపరేషను అందాలని కూడా ఆ ప్రకటనలోనే ఉంది. మా మేనత్త ఆ పదిలో ఉండేది. నేనున్నానా? ఇప్పుడు తేల్చుకునే దారి లేదు. డిశ్చార్జి కాగితంలో కారణం రాయాల్సిన చోట ఒక అడ్డగీత ఉంది.

"ఈ కాలం పిల్లలు నొప్పులకి ఓర్చుకోరు" అనే మాట మూడు ఊళ్ళలోనూ విన్నాను, ఎక్కువగా ఆడవాళ్ళ నోటే. ఓర్చుకోవడానికి వాళ్ళకేం ఇచ్చాం? నొప్పి తగ్గించే ఎపిడ్యూరల్ సూది మా వైపు ఎంతమందికి అందింది? ఓ ప్రభుత్వాసుపత్రిలో మా చిన్నాన్న కోడలు నొప్పులతో అరిస్తే, "అప్పుడు లేదా ఈ నొప్పి" అన్నారు. తొడ మీద చరిచారు. అమ్మని లోపలికి రానివ్వలేదు. రెండో కాన్పుకి ఆ అమ్మాయి తనంతట తాను ప్రైవేటుకి పోయి ఆపరేషను అడిగింది. దాన్ని సోమరితనం అంటారా? లేబర్ రూమ్‌లో మర్యాద దొరకదు, కత్తి కింద దొరుకుతుంది. ఆమె కొనుక్కున్నది మర్యాద.

ఇక్కడ నా మీద నాకే కోపం వస్తుంది. లేబర్ రూమ్‌ని మన కవిత్వంలోకి తెచ్చింది స్త్రీవాదులే. కొండేపూడి నిర్మల 'లేబర్ రూమ్' పేరుతోనే కవిత రాసింది. పాటిబండ్ల రజని అబార్షన్‌ని కవిత చేసింది. 1993లో 'నీలిమేఘాలు' సంకలనం వచ్చినప్పుడు, అదే ఏడాది ఓల్గా 'రాజకీయ కథలు' వచ్చినప్పుడు, ఒంటి గురించి మాట్లాడినందుకు మన మీద ఎన్ని రాళ్ళు పడ్డాయో పాఠకులకి గుర్తుండే ఉంటుంది. వాటిని సమర్థిస్తూ నేనూ వ్యాసాలు రాశాను. చలం పెరిగిన ఊరు మాది అని తెనాలి గురించి గొప్పగా ఒక వాక్యం కూడా రాసుకున్నాను! ఆ వ్యాసం రాసేనాటికి నా పొట్ట మీద కుట్టు పచ్చిగానే ఉంది. నాన్న రెండు రూపాయల వడ్డీ కడుతూనే ఉన్నాడు. నొప్పి గురించి రాశాను, అవమానం గురించి రాశాను, మాతృత్వం అనే మాయ గురించి రాశాను. 6,850 గురించి ఒక్క ముక్క రాయలేదు. డబ్బు మాట మార్క్సిస్టులు చూసుకుంటారు, ఒంటి మాట మనం చూసుకోవాలి అన్నట్టుగా ఉండేది మా పంపకం. 1990ల మొదట్లో హైదరాబాద్ బుక్ ట్రస్ట్ వేసిన 'సవాలక్ష సందేహాలు' లాంటి పుస్తకం ఒంటినీ ఆసుపత్రినీ కలిపి చూడమని మనకి నేర్పింది. మేం దాన్ని ఆరోగ్య పుస్తకాల అరలో పెట్టేశాం, విమర్శ అరలో కాదు. నా తరం స్త్రీవాద విమర్శలో నాకు కనపడే పెద్ద లోపం ఇది. ఇందులో ఇతరుల్ని అనడానికి నాకు హక్కు లేదు, నన్ను నేను అనుకుంటున్నాను.

ఉచితం సంగతి. 2011 జూన్‌లో మొదలైన జననీ శిశు సురక్షా కార్యక్రమం ప్రకారం ప్రభుత్వాసుపత్రిలో కాన్పు, సిజేరియన్‌తో సహా, పూర్తిగా ఉచితం. మందులు, పరీక్షలు, రక్తం, సిజేరియన్ అయితే ఏడు రోజుల భోజనం, రానూపోనూ బండి. ఇవన్నీ దయ కాదు, హక్కు. ఈ సంగతి చాలామంది ఆడవాళ్ళకి ఎవరూ చెప్పరు. నాకూ ఈ తిరుగుడులోనే పూర్తిగా తెలిసింది. నేను చూసిన ఒక ప్రభుత్వ వార్డు శుభ్రంగా ఉంది, నర్సులు పేరు పెట్టి పిలుస్తున్నారు. దానికి దండం. కానీ ఉచితంలో కూడా ఒక మనిషి ఖర్చవుతుంది. ఆ వార్డులో ప్రతి మంచం కింద చాప వేసుకుని ఒక తల్లో అత్తో ఉంది. ఒకామె మిరప కోతల కూలికి పోకుండా ఆరు రోజుల్నుంచి ఉందట. పైపు మార్చేది, బిడ్డని తుడిచేది, బాలింతని లేపి నడిపించేది ఆమే. "ఇంటికెళ్ళాక ఇంకో రెణ్ణెల్లు ఇంతే కదమ్మా, బిందె ఎత్తకూడదు, పిల్లని వంగి తియ్యకూడదు" అంది. ఆ రెండు నెలల కూలి ఏ ప్రభుత్వ లెక్కలోనూ లేదు, ఏ ప్రైవేటు బిల్లులోనూ లేదు. 1994లో ఎనిమిది రోజులు నా మంచం కింద పడుకున్న మా అమ్మ కూడా నాన్న పద్దులో లేదు. ఆయాలకి 150 ఉంది, హార్లిక్సు ఉంది.

ఇక మా పిల్ల అసలు ప్రశ్న వేరే. "పిన్నీ, ఒకసారి కోస్తే మళ్ళీ కొయ్యాల్సిందేనా?" ఈ మాట ఎక్కడిదా అని వెతికితే 1916లో న్యూయార్క్‌లో ఎడ్విన్ క్రాగిన్ అనే డాక్టరు అన్నదట. ఆనాటి కోత నిలువుగా, గర్భసంచి పైభాగంలో ఉండేది, తర్వాతి నొప్పులకి పగిలే ప్రమాదం ఎక్కువ. అందుకని మొదటి కోతకే తొందరపడకండి అని ఆయన హెచ్చరించాడు. హెచ్చరిక పోయింది, సగం వాక్యం మిగిలింది, అది నియమమైపోయింది. ఇప్పటి కోత కింది భాగంలో అడ్డంగా ఉంటుంది. అలా ఒక కోత ఉన్నవాళ్ళలో, వేరే చిక్కులు లేకపోతే, నొప్పులు పడనిస్తే నూటికి డెబ్భై మందికి పైగా మామూలుగానే కంటారు. కుట్టు పగిలే ప్రమాదం వెయ్యికి అయిదు దగ్గర్లో. తక్కువే, కానీ వస్తే నిమిషాల్లో థియేటరు కావాలి. రెండోసారి కోత పెడితే ప్రమాదం లేదని కాదు, ఒక్కో కోతకీ తర్వాతి గర్భంలో మాయ పాత కుట్టుకి అతుక్కునే భయం పెరుగుతుంది. ఆంధ్రలో పెళ్ళయిన ఆడవాళ్ళలో దాదాపు 70 శాతం ట్యూబెక్టమీ చేయించుకున్నవాళ్ళే కాబట్టి, "ఎలాగూ కు.ని. ఆపరేషను చేయించుకుంటావుగా, రెండూ ఒకేసారి అయిపోతాయి" అంటారు అందరూ. ఒక టిక్కెట్టుకి రెండు ఆటలన్నట్టు.

మూడు ఊళ్ళలో ఆరుగురు డాక్టర్లని అడిగాం. నలుగురు వద్దన్నారు. ఒకాయన విసుక్కున్నాడు. ఒకావిడ మాత్రం పాత డిశ్చార్జి కాగితం మొత్తం చదివింది. "చెయ్యొచ్చమ్మా. కానీ రాత్రంతా నీ పక్కన కూర్చునే చెయ్యి తిరిగిన నర్సు కావాలి, నా దగ్గర ఇద్దరే ఉన్నారు, ఇద్దరూ థియేటర్లోనే ఉంటారు" అంది. తెలంగాణలో 2017లో ఫెర్నాండెజ్ ఫౌండేషన్‌తో కలిసి ప్రభుత్వం నర్సులకి మిడ్‌వైఫరీ శిక్షణ మొదలుపెట్టిందనీ, 2018లో కేంద్రం కూడా దానికి మార్గదర్శకాలు ఇచ్చిందనీ ఆమే చెప్పింది. "మా ఊరిదాకా ఎప్పుడొస్తారో" అని నవ్వింది. ఆమె మీద నాకు గౌరవం కలిగింది. ఆమె ప్యాకేజీ కూడా మిగతావాళ్ళలాగే ఉంది, అది వేరే సంగతి.

ఇంటికొచ్చి నోటుబుక్కులో గళ్ళు గీశాను. ఒక గడిలో ఊరు, ఒక గడిలో ప్యాకేజీ, ఒక గడిలో ప్యాకేజీలో లేనివి. మా పిల్ల పుస్తకం లాక్కుని నాలుగో గడి గీసి, "రాత్రి పక్కన ఎవరు?" అని పైన రాసింది. ప్రభుత్వాసుపత్రి, ప్రైవేటు, తెనాలి, బాపట్ల, రేపల్లె అన్నిటికీ ఎదురుగా ఒకటే పేరు రాసుకుంటూ పోయింది, "అమ్మ". మా అక్క వంటింట్లోంచి కేకేసింది, నాకు మోకాళ్ళు నెప్పులే, ఈసారి కింద పడుకోలేను, ఆ గదిలో రెండో మంచం ఉంటుందో లేదో అది కూడా కనుక్కోండి అని.